చదివింపుల లెక్క

2020 వేసవిలో కరోనా వల్ల పెళ్లికి 50 మందికి మించరాదని కేంద్రం ఆంక్ష పెట్టినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లోని పుల్లలచెరువు మండలం వైపు ఇళ్లలో ఖర్చు తగ్గిందన్న ఊరట కన్నా చదివింపులు పోయాయన్న బెంగే ఎక్కువ. అక్కడ చదివింపుల పుస్తకమంటే ఊరంతటి అప్పుల చిట్టా. మన ఇంట్లో ఎవరెంత రాయించారో చూసుకుని, వాళ్లింటి శుభకార్యానికి దానిపై కొంత కలిపి తిరిగి చదివించాలి. ఏళ్ల తరబడి అందరికీ చదివించినవాడికి తన వంతు వచ్చేసరికి బంతి నిండా మనుషులే లేరు.

మండలంలోని ఓ మిర్చి రైతు పెద్దకూతురి పెళ్లి ఆ ఏడాదే ఇంటిముందు పందిట్లో చేశాడు. భోజనాలకూ మేళానికీ దాచిన డబ్బు మిగిలింది. ఆగస్టులో దాంతో బంగారం కొన్నాడు. తరుగు ఎక్కువ పోకూడదని నగల జోలికి వెళ్లక బిళ్లలే తీసుకున్నాడు. అప్పుడు 10 గ్రాముల మేలిమి బంగారం 56 వేల దరిదాపుల్లో ఉంది. ఇంత ధరకా అని బావమరిది వారించాడు. 2025 ఏప్రిల్‌లో అది లక్ష దాటింది.

2023లో చిన్నకూతురి పెళ్లినాటికి ఊళ్లో తీరే మారిపోయింది. ముత్తయిదువలు ఇంట్లో దంచుకుని రాసే పసుపు కాస్తా పూల వేదికతో, అందరికీ పసుపుబట్టలతో హల్దీ అయింది. ప్రీవెడ్డింగ్ షూట్, డ్రోన్ కెమెరా, మార్కాపురంలో మండపం సరేసరి. అన్నీ కావాలంటే బయట 3 లక్షలు తేవాలి. నూటికి 2 రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. బోరు ఎండితే మిర్చి మీద ఆశే ఉండదు, వడ్డీ మాత్రం ఆగదు.

ఖర్చు తగ్గాలంటే పట్నంలో అయితే పిలుపులు తగ్గించమంటారు. ఈయన పిలుపులు తగ్గించలేదు, షూటూ వేదికా మానేశాడు. ఇది సరైన లెక్క. భోజనానికి వచ్చినవాళ్లు పుస్తకంలో రాయిస్తారు, డ్రోన్‌కు పెట్టింది తిరిగి రాదు. పుస్తకం పక్కనే క్యూఆర్ కోడ్ కూడా పెట్టించాడు. హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేసే ఊరివాళ్లు ఫోన్‌లోనే చదివించారు. వంటవాళ్ల బాకీ మర్నాడే తీరింది.

2022 అక్టోబరు 1న రాష్ట్రం మొదలుపెట్టిన పెళ్లి సాయం పథకం కల్యాణమస్తుకూ దరఖాస్తు చేశారు. వధూవరులిద్దరూ పది పాసై ఉండాలన్నది అప్పటి నిబంధన. అప్పట్లో బీసీలకు 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు లక్ష ఇచ్చేవారు. డబ్బు పెళ్లయ్యాకే వచ్చేది కనుక మండపం, వంటల అడ్వాన్సులకు అక్కరకు వచ్చేది కాదు. అందుకే ఆయన దాన్ని పెళ్లి ఖర్చులో రాయనే లేదు, వస్తే పంటరుణంలో జమ వేద్దామని పక్కన పెట్టాడు.