దిబ్బయు గట్టును

జపానుదేశమున ఐచి మండలములో, కిసో మొదలగు మూడునదుల డెల్టాయందు, కనియే యను చిన్నపట్టణము కలదు. దాని వైశాల్యము సుమారు 11 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 37,000 ప్రాంతము. నేలలో చాలభాగము సముద్రమట్టమునకు దిగువ నున్నది.

పూర్వ మాప్రాంతపు పల్లెలు తమచుట్టును వలయముగా గట్టు పోసికొని బ్రదికెడివి. భూస్వాములు మాత్రము గట్టులోపల మరల నెత్తుదిబ్బపై వేఱొక గృహము నిర్మించి, ధాన్యము నిలువచేసి, వరదవేళ నందు తలదాచుకొనెడివారు. పేదలకు గట్టే దిక్కు. 1959 సెప్టెంబరు 26వ తేదీన ఇసే అఖాతపు తుపానునకు తీరపుగట్టులు తెగగా, దేశమున 5,000 మందికి పైగా మరణించిరి, లేదా గల్లంతైరి.

దిబ్బ యెక్కినవాడు ప్రాణము దక్కించుకొనవచ్చును; పొలమును, పొరుగువానిని దక్కించుకొనలేడు. బాలురకు భూగోళము బోధించునపుడు నదుల పేళ్లకంటె ముందుగా నే నీమాట చెప్పుదును. విద్యయు, ధనమును మనకు దిబ్బలైనవి. అందఱి గట్టునకు మనవంతు మన్ను వేయువార మెందఱము?