మద్దెల నిజంగానే ఓడు

ఆటలో ఓడిపోయినవాడు మొదట తిట్టేది కంట్రోలర్‌నే. "నేను నొక్కాను, అదే రాలేదు" అనని గేమర్ ఎవరైనా ఉంటే చూడాలని ఉంది. మా ఇంట్లో ఆ మాట ఎక్కువగా అన్నది మా తమ్ముడు. వాడికి నేనిచ్చిన జవాబు ఎప్పుడూ ఒక్కటే: "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటోడే!"

అప్పుడు నేను ఇంటర్, వాడు ఎనిమిదో తరగతి. విజయవాడలో మా ఇంటి కంప్యూటర్‌లో స్ట్రీట్ ఫైటర్ 4 ఆడేవాళ్లం. నాది నేరుగా యూఎస్‌బీకి పెట్టుకునే గేమ్‌ప్యాడ్. వాడికి మిగిలింది పాత పీఎస్2 ప్యాడ్. దాని పిన్ను కంప్యూటర్‌కి పట్టదు కాబట్టి మధ్యలో నీలం రంగు కన్వర్టర్ డబ్బా ఒకటి. దానిమీద కంపెనీ పేరు కూడా లేదు.

"అన్నయ్యా, ఒక్కోసారి లేటుగా వస్తోంది" అనేవాడు. నేను ఆ ప్యాడ్ తీసుకుని నాలుగుసార్లు నొక్కి చూసేవాణ్ని. బానే ఉండేది.

"ఒక్కోసారి ఏంట్రా? పాడైతే ఎప్పుడూ పాడయ్యే ఉండాలి కదా. నీ చేతులే స్లో."

అలా వాడికి 'స్లోమోషన్' అని పేరు పెట్టాను. స్నానానికి లేటైతే అమ్మా అదే పేరుతో పిలిచేది. పెళ్లిళ్లలో బంధువులకీ అదే అలవాటైంది. కొన్నాళ్లకు వాడు ఆడటం మానేశాడు. స్కూల్లో షటిల్ టీమ్‌కి పేరివ్వమంటే "నా రిఫ్లెక్సులు స్లో సార్" అన్నాడట. ఆ సంగతి తెలిసి ఇంట్లో అందరం నవ్వుకున్నాం.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. నిరుడు ముచ్చటపడి ఆర్కేడ్ ఫైట్ స్టిక్ కొన్నాను. పాతకాలం వీడియో గేమ్ పార్లర్లలో ఉండేదే: ఎడమచేతికి కర్రలాంటి లీవరు, కుడిచేతికి పెద్ద పెద్ద గుండ్రటి బటన్లు. దాంతో ఆన్‌లైన్‌లో స్ట్రీట్ ఫైటర్ 6 మొదలుపెట్టాను. ప్యాడ్‌తో గెలిచేవాళ్ల మీద కూడా ఓడిపోవడం మొదలైంది. నా నోట వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "ఈ స్టిక్‌లో ల్యాగ్ ఉంది."

ల్యాగ్ అంటే మనం బటన్ నొక్కడానికీ, స్క్రీన్ మీద దెబ్బ పడటానికీ మధ్య జరిగే ఆలస్యం. ఇలాంటి గేములు సెకనుకు 60 ఫ్రేములు నడుస్తాయి. అంటే ఒక్కో ఫ్రేము 16.67 మిల్లీసెకన్లు. ప్రత్యర్థి దెబ్బ తగలడానికి 20 ఫ్రేములు పడుతుంది అనుకోండి. మొత్తం 333 మిల్లీసెకన్లు. కంటితో చూసి వేలు కదపడానికే మనిషికి 200 నుంచి 250 దాకా పోతాయి. మిగిలిన ఆ కాస్తలోనే కంట్రోలర్, గేమ్, స్క్రీన్ మూడింటి ఆలస్యం ఇమడాలి. ఒక్క ఫ్రేము కూడా తేలిక కాదు.

ఇంజినీర్ని కదా, కొలిచేద్దాం అనుకున్నాను. ముందు ఫోన్‌తో మొదలుపెట్టాను. బటన్‌కి చిన్న ఎల్ఈడీ బల్బు కలిపి, బల్బూ స్క్రీనూ రెండూ కనిపించేలా 240 ఎఫ్‌పీఎస్ స్లోమోషన్‌లో వీడియో తీశాను. బల్బు వెలిగిన ఫ్రేము నుంచి బొమ్మ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 4.17తో గుణిస్తే మిల్లీసెకన్లు వస్తాయి. నాకు 27 ఫ్రేములు వచ్చాయి, దాదాపు 112 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసి మళ్లీ తీస్తే 17కి దిగింది, అంటే 71. స్టిక్‌ని అన్నాళ్లూ తిట్టాను గానీ టీవీ సెట్టింగ్ ఒక్కసారీ చూసుకోలేదు! మీ ఇంట్లో టీవీకి కన్సోల్ ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేసి రండి.

కానీ ఇందులో స్టిక్ వాటా ఎంత? అది విడిగా తెలియాలంటే గేమునీ స్క్రీన్‌నీ పక్కకు తప్పించాలి. ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు తీసుకున్నాను. దాని పిన్ను బటన్ సర్క్యూట్‌ని కలుపుతుంది, అంటే వేలు లేకుండానే నొక్కుతుంది. ఆ సిగ్నల్ స్టిక్ గుండా వచ్చి అదే బోర్డు యూఎస్‌బీకి చేరుతుంది. బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ టైము చూసేది ఒకే గడియారం. నొక్కుకీ నొక్కుకీ మధ్య గ్యాప్ మాత్రం ప్రతిసారీ మారేలా పెట్టాను. ఎందుకో తర్వాత చెప్తాను.

2,000 నొక్కుల తర్వాత ఫలితం: సగటున 2 మిల్లీసెకన్ల లోపే. ఫ్రేములో ఎనిమిదో వంతు కూడా కాదు. గేమ్ మోడ్ పెట్టాక కూడా ఓడిపోతూనే ఉన్నాను. అంటే ఇక చేతులే. సామెత నాకు సరిగ్గా సరిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నీలం డబ్బా.

అమ్మకు ఫోన్ చేస్తే అటక మీద వెతికి, ఆవకాయ పార్సిల్‌లోనే ఆ డబ్బానీ, మా ఇద్దరి పాత ప్యాడ్లనీ పంపింది. వైర్లు అతికించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ముందు నా ప్యాడ్ కొలిచాను: సగటు 6 మిల్లీసెకన్లు. తర్వాత తమ్ముడి ప్యాడ్, మధ్యలో నీలం డబ్బా. సగటు 24. అంతకంటే నన్ను ఆపేసినవి ఆ పక్కనున్న రెండు అంకెలు. తక్కువలో తక్కువ 9, ఎక్కువలో ఎక్కువ 43.

తప్పు ప్యాడ్‌దేమో అని కొత్త కన్వర్టర్ కొని అదే ప్యాడ్ పెట్టి చూశాను. సగటు 5కి వచ్చింది. దోషం డబ్బాదే.

ఇలా ఎందుకవుతుందంటే, మనం బటన్ నొక్కగానే కబురు పరిగెత్తుకుంటూ పోదు. కంప్యూటరే ఇన్ని మిల్లీసెకన్లకోసారి వచ్చి "ఏమైనా ఉందా?" అని అడుగుతుంది. సిటీ బస్సు లాగన్నమాట. 8 మిల్లీసెకన్లకో బస్సు అయితే, మీరు స్టాపుకి ఎప్పుడు చేరారన్నదాన్ని బట్టి వెంటనే ఎక్కొచ్చు, లేదా పూర్తిగా 8 ఆగొచ్చు. సగటున 4. అందుకే నొక్కుల మధ్య గ్యాప్ మార్చడం. లేకపోతే ప్రతిసారీ బస్సు వచ్చే టైముకే స్టాపులో ఉండి, ల్యాగే లేదని మురిసిపోతాం. కన్వర్టర్ ఉంటే మధ్యలో బస్సు మారాలి. ప్యాడ్ నుంచి డబ్బాకి ఒకటి, డబ్బా నుంచి కంప్యూటర్‌కి ఇంకోటి. ఒకదానికొకటి టైము కలవదు. మంచి కన్వర్టర్లలో ఆ బస్సులు త్వరత్వరగా తిరుగుతాయి కాబట్టి తేడా తెలియదు. మాది తీరిగ్గా తిరిగే డబ్బా.

ఎప్పుడూ ఒకేలా 24 ఆలస్యమైతే చేతులు అలవాటు పడతాయి, కాస్త ముందే నొక్కడం నేర్చుకుంటాయి. కానీ ఒకసారి 9, ఇంకోసారి 43 అయితే ఎవరూ అలవాటు పడలేరు. తేడా రెండు ఫ్రేములు. స్ట్రీట్ ఫైటర్ 4లో కొన్ని కాంబోలకు సరిగ్గా ఒక్క ఫ్రేములోనే నొక్కాలి. వాడు సరిగ్గా నొక్కినా ఒకసారి పడేది, ఒకసారి తప్పేది.

"ఒక్కోసారి లేటుగా వస్తోంది." వాడు అన్నది అక్షరాలా అదే. ఆ 'ఒక్కోసారి' విని నేను వాడు సాకు చెప్తున్నాడని తేల్చేశాను. అసలు జబ్బు పేరే అది. ఆఫీసులో కూడా నేనిదే పని చేశానని ఆ రాత్రి అర్థమైంది. "అప్పుడప్పుడు స్లో అవుతోంది" అని కస్టమర్ రాస్తే, నా దగ్గర నాలుగుసార్లు నొక్కి చూసి, బానే ఉందని టికెట్ మూసేసినవి ఎన్నో.

బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. గ్రాఫ్ పంపి మొత్తం వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు.

"అంటే నా చేతులు స్లో కాదా?"

వాడికి ఇరవై నాలుగేళ్లు. ఆ ప్రశ్నలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "కాదురా. సారీ" అన్నాను. అన్నదమ్ముల మధ్య అంత తేలిగ్గా వచ్చే మాట కాదది. "సరేలే. ఇది అమ్మకి కూడా చెప్పు" అన్నాడు. ఆ గ్రాఫే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టి విషయం రాశాను. పిన్ని "షేర్ మార్కెటా నాన్నా?" అని అడిగింది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి వాణ్ని పేరుతోనే పిలుస్తోంది.

దసరాకి ఇద్దరం ఇంటికెళ్లాం. స్ట్రీట్ ఫైటర్ 4 మళ్లీ ఎక్కించాను. నా పాత గేమ్‌ప్యాడ్ వాడికిచ్చి, నీలం డబ్బా నేను తీసుకున్నాను. పది ఆటల్లో ఎనిమిది ఓడాను. తొమ్మిదోసారి నోరు జారింది.

"నేను నొక్కాన్రా, అదే రాలేదు!"

వాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటోడే!"