నాందేడ్ పేరుని జనం ఎన్ని రకాలుగా వెతుకుతారు

గూగుల్‌లో మన ఊరి పేరు ఒక్కటే కొట్టి చూడండి. హజూర్ సాహిబ్ గురుద్వారా వస్తది, రైల్వే స్టేషన్ వస్తది, హోటళ్ళు వస్తాయి. అందులో తప్పేం లేదు. 1708లో గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపిన ఊరు ఇది, దేశం నలుమూలల నుంచి జనం వచ్చేది అందుకే. ఆ వరసలో ఉస్మాన్‌షాహీ మిల్లులో పనిచేసిన తెలుగు కుటుంబాల గురించి మనం రాసుకున్న నాలుగు పేజీలు ఏ మూలన ఉంటాయి? అసలు ఉంటాయా?

ఈ ప్రశ్న మాది కాదు, మా పెద్దనాయనది. పాత ఫోటోలు, మిల్లు కాగితాలు, చుట్టరికాల చిట్టా అన్నీ కూర్చినాక ఆయన అడిగిండు: "ఇదంతా ఎవరికి కనపడుతది రా?" ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, మిల్లు పని తగ్గినాక పవర్‌లూమ్‌ల మీద పని వెతుక్కుంటూ భివండీ పోయిండు. కొన్నేండ్లకి జాబులు ఆగిపోయినాయి. ఆయన పిల్లలు ఎప్పుడన్నా తాత ఊరిని వెతికితే మనం దొరకాలె. పెద్దనాయనకి ఎనభై దాటినాయి, ఆయన అడిగేది అంతే.

మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్ళు కట్టింది ఎక్కడ విరుగుతదో చూసుడే మా ఉద్యోగం. కాబట్టి దీన్ని కూడా టెస్టింగ్ లాగనే పట్టుకున్నాం.

మొదటి మాట. గూగుల్ మనం వెతికినప్పుడు వెబ్ అంతా తిరగదు. దాని ప్రోగ్రాం ముందే లింకుల వెంట తిరిగి పేజీలు చదువుతది, చదివినవాటిని తన చిట్టాలో రాసుకుంటది, మనం అడిగినప్పుడు ఆ చిట్టాలోంచి వరస పెట్టి ఇస్తది. చిట్టాలోనే లేకపోతే వరస గురించి బాధపడి లాభం లేదు. అది చూడటానికి సులువు దారి ఉంది: వెతుకు పెట్టెలో 'సైట్' అని ఇంగ్లిష్‌లో రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ చిరునామా రాయండి. ఒక్క పేజీ కూడా రాకపోతే ముందు సెట్టింగులు చూడండి. వర్డ్‌ప్రెస్‌లో 'సెర్చ్ ఇంజిన్లు రావద్దు' అనే అర్థంలో ఒక గడి ఉంటది. సైటు కట్టేటప్పుడు టిక్ పెట్టి, తర్వాత తీయడం మర్చిపోయేవాళ్ళు తక్కువేం లేరు.

ఇక అసలు సంగతి, పేర్లు. మన బాధంతా ఇక్కడే ఉంది.

వెతికే మనిషి ఏ మాట కొడతడో ఆ మాట మన రాతలో ఉండాలె. మామూలు సైట్లకి ఇది చిన్న విషయం. మనకి కాదు. నాందేడ్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండె, తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. రాజ్యం మారినప్పుడల్లా కాగితాల మీద లిపి మారింది, దాంతో పేర్లు మారినాయి. నిజాం కాలపు ఇంగ్లిష్ గెజిటీర్లలో ఈ ఊరి పేరు చివర 'డి' కాదు, 'ఆర్' ఉంటది: నాందేర్. నాయనమ్మ నోట్లో నాందేడు. ఇంటిపేర్లయితే ఇంకా విచిత్రం. మన 'వారు' మరాఠీ నోట్లో 'వార్' అయింది. మామిడి వారు మామిడ్‌వార్, కోటగిరి వారు కోట్‌గీర్‌వార్. మూడో తరం పిల్లలకి ఆ చివరి 'వార్' తెలుగు మాట అని తెలియదు. వాళ్ళు వెతికేది మరాఠీలోనో ఇంగ్లిష్ అక్షరాలలోనో. మనం రాసేది తెలుగులో. ఇద్దరూ ఒకరి పక్కనుంచి ఒకరు దాటిపోతారు.

దీనికి మందు అన్ని స్పెల్లింగులూ పేజీ అడుగున తెల్ల అక్షరాలతో దాచిపెట్టడం కాదు. అట్లాంటిది గూగుల్ మోసం కింద లెక్కేస్తది. కీవర్డ్ ట్యాగు నింపుడు కూడా వృథా, వరస పెట్టడానికి ఆ ట్యాగుని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. మేం చేసింది మామూలు వాక్యమే: "మరాఠీ కాగితాల్లో మామిడ్‌వార్ అని రాసే మామిడి వారు, పాత కాగితాల్లో నాందేర్ అని ఉన్న నాందేడ్‌లో..." ఇది చదివేవాళ్ళకి చరిత్ర, యంత్రానికి దారి. ఇంకా ప్రతి వ్యాసం కింద అదే సంగతి మూడు లైన్లలో మరాఠీలో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి రాస్తున్నాం. తెలుగు చదవలేని మనవలకి అది ఎట్లాగూ కావలసిందే.

తెలుగులో తెలుగుకే ఉన్న చిక్కులు వేరే. పెళ్లి అనీ రాస్తారు, పెళ్ళి అనీ రాస్తారు. నాందేడ్‌లో అని విడిగా కనపడటానికి 'డ్' తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పడుతది, లేకపోతే నాందేడ్లో అని అతుక్కుంటది. కోడ్ లెక్కన ఆ రెండూ వేరు. పెద్ద సెర్చ్ ఇంజిన్లు కొంత సర్దుకుంటాయి, అన్నీ సర్దుకోవు. అందుకే శీర్షికలో మాత్రం విభక్తి లేకుండా ఊరి పేరు ఒంటరిగా ఒక్కసారైనా పెడుతున్నాం.

మేం చదివింది బీదర్ వైపు, కన్నడ మీడియం. తెలుగు మాకు ఇంట్లో మాట, అక్షరాలు తర్వాత కలిపి చదువుకున్నవి. ర, గ, ద లాంటివి కన్నడలోనూ దాదాపు ఇట్లాగే ఉంటాయి కాబట్టి కంటికి పెద్ద కష్టం కాలేదు. యంత్రానికి ఆ చుట్టరికం తెలియదు. యూనికోడ్‌లో తెలుగుకి 128 గదులు, వెంటనే గోడ అవతల కన్నడకి 128 గదులు. ఫోన్‌లో కీబోర్డు కన్నడలో ఉండి ఒక్క 'ర' అటునుంచి పడితే కళ్ళకి అంతా బాగనే ఉంటది, వెతికితే ఆ మాట దొరకదు. మా చుట్టాల్లో రెండు కీబోర్డులు పెట్టుకున్నవాళ్ళు చాలామంది. వాళ్ళు పంపిన రాతలన్నిటికీ మేం ముందు ఈ పరీక్షే పెడతాం.

ఫాంట్ల గోల ఇంకోటి. పాత పెళ్ళిపత్రికలు, సంఘం కరపత్రాలు డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫైలు తెచ్చి అట్లాగే అతికిస్తే లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల గుర్తులు. ఫాంటు తీసేస్తే గందరగోళం. యూనికోడ్‌కి మార్చినాకనే పెట్టాలె. ఇక పత్రికని ఫోటో తీసి పెడితే అందులోని పేర్లని వెతికితే దొరుకుతాయన్న భరోసా ఏం లేదు. మా పెద్దనాయన ఫోటోలు మొదట ఒట్టి నంబర్ల పేర్లతో ఉండె. ఇప్పుడు ఒక్కొక్క దాని కింద ఎవరు, ఏ ఊరు, ఏ పని అని ఆయన చెప్తుంటే రాస్తున్నాం. నిజం చెప్పాలంటే ఈ మొత్తం పనిలో విలువైంది ఇదే. యంత్రం కోసం మొదలుపెట్టినాం, ఆయన చెప్పకపోతే ఆ పేర్లు ఇంకెవరికీ తెలియవు.

చిరునామాలో తెలుగు వద్దు. 'నాందేడ్' అన్న ఒక్క మాట చిరునామాలోకి పోతే శాతం గుర్తులతో 63 అక్షరాలు అయి వాట్సాప్‌లో తోకలాగా వేలాడుతది. పొట్టిగా ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. ఫోటోలు చిన్నవి చేసి ఎక్కించండి, గూగుల్ ఇప్పుడు చదివేది ఫోన్‌లో కనపడే రూపాన్నే.

లింకులు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు గూగుల్ పెట్టిన మూల ఆలోచన, ఒక పేజీకి వేరే మంచి పేజీ లింకు ఇస్తే అది సాక్ష్యం లాంటిది అని. వికీపీడియాలో మన లింకు పెడితే పైకొస్తామని చెప్పేవాళ్ళున్నారు. వికీ బయటి లింకులకి నోఫాలో అని గుర్తు వేస్తది, ఆ కష్టం వద్దు. షోలాపూర్, భివండీ, సూరత్ పద్మశాలీ సంఘాలకి సైట్లు ఉంటే వాళ్ళతో మాట్లాడి లింకులు ఇచ్చిపుచ్చుకోవడం మేలు. 'మొదటి పేజీ గ్యారంటీ' అని డబ్బు అడిగే ఏజెన్సీ ఒకటి మాకూ ఫోన్ చేసింది. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ వాళ్ళే రాసిపెట్టిండ్రు.

సెర్చ్ కన్సోల్ ఉచితం, తప్పక పెట్టుకోండి. జనం ఏ మాటలు కొట్టి వచ్చిండ్రో చూపుతది. ఒక లోటుంది: చాలా తక్కువమంది కొట్టిన మాటల్ని గోప్యత కోసం దాచేస్తది. అంటే మేం ఎదురుచూసే ఆ ఒక్క మనిషి భివండీ నుంచి వెతికినా ఏం మాట కొట్టిండో మాకు కనపడదు. అందుకే చిన్నాయన పేజీ పైనే పెద్దనాయన ఫోన్ తీసేది ఏ వేళలో అని మూడు లిపుల్లో రాసినాం.

ఇప్పుడు 'వార్' పేర్ల జాబితా నడుస్తున్నది. మీ ఇంటిపేరు రేషన్ కార్డు మీద ఎట్లుంది, ఇంట్లో పాత పెళ్ళిపత్రిక మీద ఎట్లుంది, నాయనమ్మ ఎట్లా పలికేది, ఈ మూడూ రాసి పంపండి. ఫోటో కాదు, అక్షరాల్లో.