లైన్ చివర

మేముండేది న్యూజెర్సీలో, 1920ల నాటి ఇంట్లో. గరాజ్ ఇంటిని ఆనుకుని ఉండదు, పెరటి చివర విడిగా ఉంటుంది. ఇంటికి అలారం ఉంది, దానికి లేదు. ఒకరోజు పాప సైకిల్ పోయింది. అలారాన్ని అక్కడిదాకా పొడిగిద్దామనుకున్నాను. వైర్‌లెస్ సెన్సర్ అయితే అరగంట పని. కానీ అప్పుడు నాన్న మా దగ్గరే ఉన్నారు. టెలిఫోన్ శాఖలో ముప్ఫై ఏళ్లు లైన్‌మన్‌గా చేసిన మనిషి. "తీగే లాగుదాంరా" అన్నారు.

తవ్వే ముందు 811కి ఫోన్ చేసి, గ్యాస్, కరెంటు లైన్లు నేలలో ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించాం. పైపు పాతి, తీగ లాగి, తలుపుకి అయస్కాంతం, ద్వారబంధానికి రీడ్ స్విచ్ బిగించాం. ఇక మిగిలింది చిన్న రెసిస్టర్. ప్యానెల్ ఆ తీగలోకి ఎప్పుడూ కాస్త కరెంటు పంపుతూ, ఆ రెసిస్టెన్స్ కనిపిస్తున్నంతసేపూ అంతా సవ్యంగా ఉందనుకుంటుంది. దాన్ని గరాజ్‌లో, స్విచ్ దగ్గర పెట్టాలి. బయట చలి. నేను ఇంట్లోనే, ప్యానెల్ డబ్బాలో పెట్టేశాను. పచ్చలైటు వెలిగింది.

నాన్న ఏమీ అనలేదు. గరాజ్‌లోకెళ్లి, స్విచ్‌కొచ్చే రెండు తీగల్నీ కలిపి మెలేసి, తలుపు బార్లా తెరిచారు. పచ్చలైటు అలాగే ఉంది.

"చూశావా, ఇది ఇంట్లో కూచుని గరాజ్ బానే ఉందని చెప్తోంది."

రెసిస్టర్ని చివరికి మార్చాను. ఇప్పుడు తీగ తెగినా, కలిసిపోయినా ప్యానెల్‌కి తెలుస్తుంది.

ఆయన తెనాలి వెళ్లిపోయాక ప్రతి ఆదివారం ఫోన్. "ఎలా ఉన్నారు నాన్నా?" "బ్రహ్మాండం." పది నిమిషాలు, పచ్చలైటు. పోయిన నెల పిన్ని మాటల్లో బయటపడింది: రెండు నెలల కిందట ఆయనకి స్టెంట్ వేశారట. ఆ రెండు నెలల ఆదివారాలన్నీ బ్రహ్మాండమే.

ముందు కోపం వచ్చింది. ఆయన దాచారు, నిజమే. కానీ ఒకే జవాబొచ్చే ప్రశ్న అడిగి, అది వినగానే నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది నేను. రెసిస్టర్ మళ్లీ నా వైపే పెట్టుకున్నాను.

ఇప్పుడు వేరేగా అడుగుతున్నాను. పొద్దున ఎక్కడిదాకా నడిచారు, మెట్లెక్కితే ఆయాసమొస్తోందా, మాత్రలు ఇంకెన్ని మిగిలాయి. మొన్న మూడో ప్రశ్నకి నవ్వారు.

"ఏరా, లైన్ టెస్ట్ చేస్తున్నావా?"

కాసేపాగి, డబ్బా తెచ్చుకుని పైకే లెక్కపెట్టారు. లెక్క ప్రకారం పదకొండు ఉండాలి. పద్నాలుగున్నాయి.