బండి ఏడ దిగబడుతది?

నర్సంపేటలో పాకాల రోడ్డు పక్కనున్న ఆ షెడ్డుకు బోర్డు లేదు. రేకుల కప్పు కింద ఒక వైపు ట్రాక్టర్లు, ఇంకో వైపు బొలెరో పికప్‌లు, నడుమ విప్పి పెట్టిన డీసీఎం గేర్‌బాక్సు. నైంటీ ఆయిల్ ఇంకి ఇంకి నేలంతా నల్లబడింది. ఈ ప్రాంతంలో సరుకు బండికి తీరిక దొరకదు. వానాకాలం ఎరువు బస్తాలు, దసరా దాటితే పత్తి, ఆ వెనకే మక్కలు, ఫిబ్రవరి నుంచి మిర్చి. దుగ్గొండి, నల్లబెల్లి, ఖానాపురం, చెన్నారావుపేట చేలల్లో పండిన దాంట్లో చాలా భాగం వరంగల్ ఎనుమాముల మార్కెట్ దారి పడుతుంది. మార్కెట్‌కు పోయే రోడ్డు తారుది, దాంతో ఇబ్బంది లేదు. చేను నుంచి ఆ తారెక్కేదాకా ఉన్న బండ్ల బాటతోనే తంటా.

నేను పోయేసరికి ఒక పికప్ వెనక యాక్సిల్‌ను స్టాండ్ల మీదికి ఎత్తారు. నల్లబెల్లి వైపు నుంచి వచ్చిన యజమాని పక్కనే నిలబడ్డాడు. వాన పడ్డ మర్నాడు పత్తి చేన్లోంచి బండి బయటికి రావడం లేదని, ‘లిమిటెడ్ స్లిప్’ డిఫరెన్షియల్ వేయించుకుంటే ఆ బాధ తీరుతుందని ఎవరో చెప్పారట. ఖర్చెంతయినా పర్వాలేదు, మంచిది వేయమంటున్నాడు.

మేస్త్రి ధర మాట ఎత్తలేదు. “అన్నా, ముందు గిది చూడు” అని బండిని గేరులో పెట్టించి, ఎడమ చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాడు. కుడి చక్రం వెనక్కి తిరిగింది. హౌసింగ్ లోపల క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రం కదలకుండా ఉంటే, స్టార్ పినియన్లనే చిన్న గేర్లు ఒక పక్క తిప్పుడును రెండో పక్కకు ఎదురు దిక్కులో అందిస్తాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి గనక ఈ డిఫరెన్షియల్ ఏర్పాటు లేనిదే బండికి గతి లేదు. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్కర్ 1828లో తన ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. నేటికీ మన సరుకు పికప్‌లలో ఎక్కువ వాటికి ఉన్నది ఇదే.

దీని లోపం దీని గుణంలోనే ఉంది. ఇది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి జారితే రెండోదాని బలం కూడా వృథా అయినట్టే. బురదలో ఉన్న చక్రం 100 న్యూటన్ మీటర్ల టార్క్‌కే జారిపోతుందనుకుంటే, గట్టి నేల మీదున్న చక్రానికీ ఆ 100కు మించి అందదు. ఇంజన్ ఎంత పెద్దదైనా లెక్క మారదు.

ఈ సంగతి నర్సంపేట రైతుకు కొత్త కాదు. కేజ్ వీల్స్ వేసి పొలం కరిగెట చేసేటప్పుడు ట్రాక్టర్ ఒక పక్కకు కూరుకుంటే, మడమతో డిఫరెన్షియల్ లాక్ నొక్కుతాడు. రెండు చక్రాలూ ఒకటై తిరుగుతాయి. మలుపు తిప్పే ముందు కాలు తీసేస్తాడు. తీయకపోతే ట్రాక్టర్ తిరగదు, గేర్లకూ దెబ్బే. ట్రాక్టర్‌కు కుడి ఎడమలకు బ్రేక్ పెడళ్లు వేరుగా ఉంటాయి కాబట్టి, ఉత్తగా తిరిగే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని అవతలికి మళ్లించడమూ తెలుసు. ఖరీదైన కొత్త బండ్లలో కంప్యూటర్ సెన్సర్లు చూసి వేసే బ్రేకు పనీ ఇదే.

“గా పెడల్ పికప్‌కు ఎందుకు లేదు మరి?” అన్నాడు యజమాని. పికప్ తారు మీద వేగంగా పోవాలి. లాక్ పడ్డ యాక్సిల్‌తో మలుపు తిరిగితే టైర్లు అరుగుతాయి, షాఫ్టులు మెలిపడతాయి. రెండు పనులూ చేసే మధ్యేమార్గమే లిమిటెడ్ స్లిప్. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1956 నుంచే తన కార్లలో దాన్ని ఇచ్చింది. అక్కడి భారీ పికప్‌లకు ఇలాంటిదో, రెండు చక్రాలనూ పూర్తిగా లాక్ చేసే లాకరో ఫ్యాక్టరీలోనే పెట్టించుకోవచ్చు. ఇక్కడ మహీంద్రా థార్‌లో ఈటన్ కంపెనీ మెకానికల్ లాకర్, టొయోటా హైలక్స్‌లో స్విచ్చుతో పడే లాక్ వచ్చాయి గానీ, బస్తాలు మోసే బండ్ల దాకా ఆ సౌకర్యం పెద్దగా రాలేదు.

తర్వాత మేస్త్రి అసలు ప్రశ్న వేశాడు. “బండి ఏడ దిగబడుతది? రేగడి చేన్లనా, ఒడ్డు దాటేకాడ చక్రం గాల్లకు లేస్తదా?”

ఎంపికంతా ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. క్లచ్ రకంలో స్ప్రింగు ఒత్తిడితో పనిచేసే ప్లేట్లుంటాయి. ఒక చక్రం లేచినా కొంత బలం రెండోదానికి చేరుతుంది. అయితే ప్లేట్లు అరుగుతాయి, దానికి తగిన ఆయిలే పోయాలి. అరిగిపోయాక మిగిలేది మామూలు డిఫే. గేర్ల రకంలో ప్లేట్లుండవు. వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు పొందిన టోర్సెన్ ఈ జాతిది. బలహీన చక్రం మోయగలిగిన దానికి రెండు మూడు రెట్లు గట్టి చక్రానికి ఇస్తుంది. ఇందాకటి లెక్కలో 100కు తోడు 300 వచ్చి, మొత్తం 200 బదులు 400 అవుతుంది. కానీ చక్రం పూర్తిగా గాల్లో ఉంటే సున్నాకు మూడు రెట్లూ సున్నానే. అప్పుడు హ్యాండ్ బ్రేకు కొంచెం లాగి పట్టి నెమ్మదిగా ఎక్సలేటర్ ఇస్తే పని జరగొచ్చు. ఈటన్ లాకర్ తీరు వేరు. రెండు చక్రాల వేగంలో నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తే దానంతటదే పూర్తిగా లాక్ అవుతుంది. ఒడ్ల మీద చక్రం లేచే బండికి అది మేలు.

యజమాని బాధ రేగడిలోనే. రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి, ఒకటి ముందు జారుతుంది. పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు తారు మీదే తిరుగుతాడు. గేర్ల రకమే సరిపోతుందని మేస్త్రి తేల్చాడు. ఆ వెంటనే షరతులూ పెట్టాడు. యాక్సిల్ షాఫ్ట్ పళ్ల సంఖ్య, బేరింగ్ సైజు, క్రౌన్ బోల్టుల వరస, గేర్ రేషియో నాలుగూ కుదరాలి. ఒకే కంపెనీ బండిది కదా అని ఇంకో మోడల్ సామాను తెస్తే కూర్చుంటుందన్న నమ్మకం లేదు. బిగించేటప్పుడు షిమ్‌లతో బ్యాక్‌లాష్, అంటే గేర్ పళ్ల మధ్య సందు, సరిగ్గా పెట్టకపోతే కొత్త క్రౌన్, టెయిల్ పినియన్ కూత పెట్టి అరిగిపోతాయి. వారంటీలో ఉన్న బండైతే ముందుగా కంపెనీని అడగాలి.

ఇంకో హెచ్చరిక అక్కడున్న కుర్రాళ్లందరికీ వినపడేలా గట్టిగా చెప్పాడు. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండికి ఒక వెనక చక్రాన్నే జాకీతో ఎత్తి, గేరులో ఇంజన్ తిప్పొద్దు. నేల మీదున్న చక్రానికి బలం అంది బండి జాకీ మీది నుంచి దూకుతుంది. ఖాళీ బండితో తడి తారు మీద మలుపులో ఎక్సలేటర్ గట్టిగా తొక్కినా ప్రమాదమే. రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారితే తోక పక్కకు కొట్టుకుపోతుంది.

ఆఖరికి మేస్త్రి వెనక టైర్ల మీద చెయ్యి పెట్టాడు. గాడులు దాదాపు నున్నగా అరిగి ఉన్నాయి. “ఒక చక్రం జారితే డిఫ్ ఆదుకుంటది. రెండూ జారితే ఏ డిఫ్ ఏం జేస్తదన్నా?” ఆ మాటకు యజమాని దగ్గర జవాబు లేదు. బేరం అక్కడ తిరిగింది. ముందు లోతు గాడుల టైర్లు, ఈ సీజను పత్తి వాటితోనే. అప్పటికీ ఒకే చక్రం జారి ఆగుతుంటే డిఫరెన్షియల్. షాఫ్ట్ పళ్లు లెక్కబెట్టించి, ఆ సంఖ్య ఫోన్‌లో రాసుకుని టైర్ల దుకాణానికి బయల్దేరాడు. లక్షణమైన సలహా అని నాకనిపించింది. పెద్ద సామాను అమ్ముకునే అవకాశం చేతిలో ఉండి కూడా, బండికి ముందు కావలసింది చెప్పాడు మేస్త్రి.