కోట ఎవరు ఊడుస్తారు?

పిల్లల సినిమాలను మనం పెద్దగా పట్టించుకోం. గంటన్నర సేపు గోల చేయకుండా కూర్చుంటే చాలనుకుంటాం. బొమ్మలు అమ్ముకోవడానికి తీసిన సినిమా అయితే ఇక దాన్ని తిట్టడానికి కూడా బద్ధకిస్తాం. బార్బీ గురించి స్త్రీవాదులు అనవలసిన మాటలన్నీ ఎప్పుడో అనేశారు. ఆ సన్నని నడుము, ఆ తెల్లని చర్మం, ఆ గులాబీ రంగు ఆడపిల్లల మనసుల్లో ఏం నాటుతాయో చాలాసార్లు రాశారు. 2023లో గ్రెటా గెర్విగ్ తీసిన ‘బార్బీ’ వచ్చినప్పుడు ఆ చర్చంతా మరోసారి జరిగింది. నేను రాయాలనుకుంటున్నది దాని గురించి కాదు. 2009లో నేరుగా డీవీడీగా వచ్చిన ‘బార్బీ అండ్ ద త్రీ మస్కటీర్స్’ అనే యానిమేషన్ సినిమా గురించి. ఎందుకంటే అది ఇంటిపని చేసే ఆడవాళ్ల కథ.

బొమ్మగా బార్బీ 1959లో న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మొదటిసారి కనిపించింది. మాటెల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన రూత్ హ్యాండ్లర్ తన కూతురు బార్బరా పేరునే దానికి పెట్టింది. 2001లో ‘నట్‌క్రాకర్’ కథతో మొదలుపెట్టి ఏటా బార్బీ సినిమాలు రావడం మొదలైంది. సినిమాతో పాటే అందులోని పాత్రల బొమ్మలు, గౌన్లు, గుర్రాలు దుకాణాల్లోకి వచ్చేవి. కథ బొమ్మకు ప్రకటన, బొమ్మ కథకు ప్రకటన. ‘త్రీ మస్కటీర్స్’ కూడా ఆ వరసలోదే. దర్శకుడు విలియం లా.

కథ ఇది. ఫ్రాన్స్‌లోని గాస్కనీ పల్లెలో పదిహేడేళ్ల కొరిన్ తల్లితో కలిసి ఉంటుంది. తండ్రి మస్కటీరు, అంటే రాజును కాపాడే సైనికుడు. తనూ మస్కటీరు కావాలని కొరిన్ కోరిక. తల్లి రాసిచ్చిన ఉత్తరం తీసుకుని, పిల్లిపిల్లనూ గుర్రాన్నీ వెంటబెట్టుకుని పారిస్ వస్తుంది. మస్కటీర్ల నాయకుడు త్రెవీయ్ ఆమెను చేర్చుకోడు. ఆఖరికి రాజుగారి కోటలో ఆమెకు దొరికేది పనిమనిషి ఉద్యోగం. అక్కడే మరో ముగ్గురు పనివాళ్లు పరిచయమవుతారు, వివేకా, అరమీనా, రెనే. ఆ ముగ్గురికీ లోపల అదే కోరిక ఉందని ఒకరికొకరు తెలుసుకుంటారు. కోటలోనే పనిచేసే ఎలెన్ అనే ముసలావిడ, అందరూ మరిచిపోయిన పాత సాధన గదికి వాళ్లను తీసుకెళ్లి యుద్ధం నేర్పుతుంది. యువరాజు లూయీని చంపి సింహాసనం ఎక్కాలని చూస్తున్న అతని బంధువు ఫిలిప్ కుట్రను ఈ నలుగురూ భగ్నం చేస్తారు. రాజైన లూయీ వాళ్లను మస్కటీర్లుగా ప్రకటిస్తాడు. తను తయారుచేసిన గాలిబుడగలో విహారానికి రమ్మని అతను కొరిన్‌ను పిలిస్తే, వేరే కుట్ర సంగతి తెలిసి ఆమె విధి నిర్వహణకు వెళ్లిపోతుంది. పెళ్లితో ముగియని రాజకుమారుడి కథ మన పిల్లలకు ఎన్ని దొరుకుతాయి?

అలెగ్జాండర్ డ్యూమా 1844లో రాసిన నవలతో పోల్చి చూస్తే ఈ సినిమా చేసిన పని ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ నవలలో ఒక్కో వీరుడికీ ఒక్కో నౌకరు ఉంటాడు. దార్తన్యాకు ప్లాన్షే, అథోస్‌కు గ్రిమో, పోర్థోస్‌కు ముస్కతాన్, అరమీస్‌కు బజాన్. దొరల సాహసాల వెనక సామాను మోసేదీ, తిండి చూసేదీ, అవసరమైతే దెబ్బలు తినేదీ వాళ్లే. రాణిగారి బట్టలు చూసుకునే కాన్స్తాన్స్ అనే ఆమె కూడా ఉంది. రాణి పరువు కాపాడటానికి ప్రాణాలకు తెగించింది ఆమె. చివరికి విషం తాగించబడి చనిపోతుంది. వీరుల పేర్లు మాత్రమే లోకానికి గుర్తుండిపోయాయి. బార్బీ సినిమా తీసినవాళ్లు తెలిసి చేశారో తెలియక చేశారోగానీ, నౌకర్లను తీసుకొచ్చి వీరుల స్థానంలో నిలబెట్టారు. ఈసారి కోటలో పనిచేసే ఆడది చనిపోదు. ఆమె చేతికి కత్తి వస్తుంది.

ఇంకో మంచి సంగతి కూడా ఉంది. కుట్ర ముందుగా తెలిసేది పనివాళ్లకే. కోటలో ఎవరు వస్తున్నారో, ఏ పెట్టెలో ఏముందో, ఏ గదిలో ఎవరు గుసగుసలాడుతున్నారో వాళ్లకు తెలుస్తుంది. వాళ్ల ఎదుట అన్నీ మాట్లాడేస్తారు, ఎందుకంటే వాళ్లు మనుషుల్లా కనిపించరు. మన ఇళ్లలో జరిగేదీ అదే కదా. గిన్నెలు తోముతున్న ఆమె వింటుందని మనకెప్పుడైనా తోచిందా?

ఈ సినిమాను పోయిన వేసవిలో మా ఇంట్లో ఇద్దరు పిల్లలు కలిసి చూశారు. ఒకరు సెలవులకు వచ్చిన మా మేనకోడలు, పదేళ్లది. ఇంకొకరు మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురు, పన్నెండేళ్లది. పాలమూరు జిల్లా నుంచి హైదరాబాదు వచ్చిన కుటుంబం. బడికి సెలవులు కనక తల్లి పని ముగిసేదాకా మా ఇంట్లో కూర్చునేది. సినిమా ఇంగ్లీషులో ఉంటే మా మేనకోడలు తెలుగులో చెబుతూ ఉంది. నాలుగు కత్తులూ ఒకచోట కలిపే దృశ్యానికి ఇద్దరూ మంచం మీద లేచి నిలబడ్డారు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ తల్లి కూడా గుమ్మం దగ్గర ఆగింది. పనివాళ్లపై అజమాయిషీ చేసే మదామ్ బోసేను చూసి, “గా మేడమ్ మూడో అంతస్తుల అమ్మ లెక్కనే ఉన్నదమ్మా” అని నవ్వింది.

సినిమా అయిపోయింది. ఆ పిల్ల నా వైపు తిరిగి, “మరి గిప్పుడు ఆ బంగ్లా ఎవలు ఊకుతరు ఆంటీ?” అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా మేనకోడలు, “వేరేవాళ్లని పెట్టుకుంటారు” అనేసింది. ఆ పిల్ల తల ఊపింది. ఆ జవాబు ఆమెకు ముందే తెలిసినట్టుంది.

తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్లమ్మ జ్వరంతో రాలేని రోజున మా అపార్ట్‌మెంటులో రెండు ఇళ్లలో చీపురు ఈ పిల్ల చేతికే వచ్చేది. “ఒక్క పూటే కదా, పిల్లని పంపించు” అనే మాట ఫోన్లో ఎంత తేలిగ్గా అంటామో! పద్నాలుగేళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10 నుంచి మన దేశంలో నిషేధం ఉంది. 2016లో చట్టాన్ని ఇంకా గట్టిగా సవరించారు. కానీ తల్లికి బదులు వచ్చిన కూతురిని ఎవరూ పనిపిల్లగా లెక్కపెట్టరు, సాయానికి వచ్చిందంటారు. ఒక ఆడది చీపురు కింద పెడితే అది ఇంకో ఆడదాని చేతిలోకి వెళుతుందని, ఆ ఇంకో ఆడది తరచుగా తన కూతురేనని ఆ తల్లికి తెలుసు. కూతురికీ తెలుసు. అందుకే మా మేనకోడలికి కత్తుల దగ్గర ఆగిపోయిన కథ, ఆ పిల్లకు కోట నేల దాకా వెళ్లింది.

సినిమా ఈ ప్రశ్న వేసుకోదు. దాని లెక్కలో ఇంటిపని ఒక మారువేషం. వేషం కింద వీరురాలు దాక్కుని ఉంది, సమయం వస్తే వేషం తీసేస్తుంది. వీరురాలు కాని పనిమనిషి సంగతేమిటి? కత్తి తిప్పడం రాని, రాజు ప్రాణం కాపాడని, రోజూ నేల మాత్రమే తుడిచే ఆమెకు గౌరవం ఎవరిస్తారు? ప్రతిభ ఉన్న నలుగురు పైకి రావడాన్ని విముక్తి అని పిలవడం పిల్లల సినిమాలకే పరిమితం కాదు. మన పత్రికల మహిళా దినోత్సవ సంచికలు నిండేది కూడా ఇలాంటి కథలతోనే.

బొమ్మ వెనకా ఇదే కథ. మొదటి బార్బీలు తయారైంది జపాన్‌లో. వాటి చిన్నచిన్న గౌన్లు అక్కడి ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని కూలికి కుట్టారు. తర్వాత బొమ్మల పరిశ్రమ ఎక్కడ కూలి తక్కువైతే అక్కడికి కదులుతూ పోయింది. 1993 మే 10న థాయిలాండ్‌లోని కాడర్ బొమ్మల ఫ్యాక్టరీలో మంటలు లేస్తే 188 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చిన యువతులు. బయటికి వెళ్లే తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి. అక్కడ తయారైనవి అమెరికా పిల్లల కోసం బొమ్మలు. కొరిన్‌లాగే పల్లె వదిలి పట్నం వచ్చిన ఆడపిల్లలు వాళ్లు.

మన సాహిత్యంలో ఈ చర్చ కొత్తది కాదు. ‘నీలిమేఘాలు’ తరం స్త్రీవాదులు వంటింటి మీద తిరగబడ్డప్పుడు మనలో చాలామందికి ఊపిరి ఆడింది. విమల ‘వంటిల్లు’ చదివి మా అమ్మ జీవితాన్ని కొత్తగా చూశాను. ఆ తర్వాత దళిత స్త్రీలు గట్టిగా అడిగారు, మా వంటింటి గురించి మాట్లాడే ముందు మేము పనిచేసే మీ వంటింటి గురించి ఏమంటారని. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ ఆ గొంతులన్నిటినీ ఒకచోట చేర్చింది. ఇంటి చాకిరీ నుంచి నాకు దొరికిన తీరిక ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్క అప్పటి నుంచీ మన ముందు ఉంది. ఈ వ్యాసం రాసే వేళకు మా ఇంట్లో అంట్లు తోముతున్నది నేను కాదు.

లెక్క తేలాలంటే మనసు మంచిదైతే సరిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపనిని 2007లో కనీస వేతనాల జాబితాలో చేర్చారు. ఆ వేతనం ఎంతో మా అపార్ట్‌మెంటులో ఎవరిని అడిగినా తెలియదు, జీతం మాత్రం అందరూ ఒకే మాట మీద నిలబడి నిర్ణయిస్తారు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల హక్కుల కోసం 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. పని గంటలు, వారాంతపు సెలవు, రాతపూర్వకమైన షరతులు అందులో ఉన్నాయి. భారతదేశం దానికి ఓటు వేసిందిగానీ ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ కార్మికుల కోసం ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించమని కేంద్రాన్ని ఆదేశించింది. వారానికి ఒక రోజు సెలవు అనే చిన్న మాట కోసం ఇంత దూరం నడవాలి.

మా ఇంట్లో ఆమె ఇప్పుడు ఆదివారాలు రాదు. జీతం తగ్గదు, బదులుగా కూతురూ రాదు. అది ఆమె అడిగి తీసుకున్న సెలవు. “ఎవల ఇల్లు వాళ్లు ఒక్కరోజు ఊకుకుంటే ఏమైతదమ్మా?” అంది. ఆ రోజు చీపురు పట్టాల్సింది ఎవరన్నది మా ఇంట్లో ప్రతివారం తగువే. మూడో అంతస్తులో ఇదే సెలవు అడిగితే “రేపటి నుంచి వేరేవాళ్లని చూసుకుంటాం” అన్నారట. ఒక ఇంటి మర్యాద ఇంకో ఇంట్లో చెల్లదు. చట్టం కావాలనేది అందుకే.

పిల్లలకు ఈ సినిమా చూపించవద్దని నేను అనను. ఆడపిల్ల చేతిలో కత్తి, పక్కన ముగ్గురు స్నేహితులు, రాజుగారి పిలుపును కాదని వెళ్లే ధైర్యం, ఇవన్నీ చూడనివ్వండి. తర్వాత ఆ పన్నెండేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నను కూడా వాళ్ల ముందు పెట్టండి. గాలిలో ఎగిరే యంత్రం తయారుచేయగల యువరాజు లూయీ తన గది తాను ఊడ్చుకోలేడా అని అడగండి. మన ఇంట్లో లూయీలు ఎవరో పిల్లలే లెక్క చెబుతారు.