ఈసీజీ నార్మలే కదా, మాత్రలెందుకు?

బైపాస్ ఆపరేషన్ అయిన నెలకో రెండు నెలలకో పరీక్షకు వచ్చే రోగి చేతిలో తరచూ ఒక ఈసీజీ కాగితం ఉంటుంది. "ఈసీజీ నార్మలేనట సార్, ఇంకా మాత్రలెందుకు?" అనే ప్రశ్న దానితోపాటే వస్తుంది. చాలాసార్లు అది ప్రశ్న కూడా కాదు, మాత్రలు మానేసి పది రోజులయ్యాక చెప్పే కబురు. ఆపరేషన్ తర్వాత గుండె లయను ఎందుకు రికార్డు చేస్తారో, ఆ రికార్డు ముందున్న ముప్పును ఎంతవరకు పసిగట్టగలదో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలిస్తే ఈ ప్రశ్న పుట్టదు. తెలియకపోతే దాని ఖరీదు ఒక్కోసారి కుడిచెయ్యీ, మాటా.

గుండె ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కనిపించే లయదోషం ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు క్రమంగా ముడుచుకోవడం మాని వణుకుతుంటాయి, కింది గదులు ఎప్పుడు పడితే అప్పుడు కొట్టుకుంటాయి. బైపాస్ చేయించుకున్నవారిలో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు మందికి ఇది వస్తుంది. కవాటం ఆపరేషన్ కూడా కలిస్తే ఇంకా ఎక్కువ మందికి వస్తుంది. ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు బెడద ఎక్కువ. పెద్ద వయసు, ఏళ్ల తరబడి బీపీతో సాగిపోయిన ఎడమ పై గది, గుండె పొర వాపు, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గడం దీనికి కారణాలు. అప్పటిదాకా వాడుతున్న బీటా బ్లాకర్ మాత్రను ఉన్నట్టుండి ఆపడం మరో కారణం. "ఆపరేషన్ అన్నారని మాత్రలన్నీ ఆపేశామండీ" అని ఆస్పత్రిలో చేరిన రోజే ఎంతో జాగ్రత్తపరుల్లా చెప్పే ఇంటివాళ్లు ప్రతి వార్డులోనూ కనిపిస్తారు.

ఈ లయదోషం చాలామందిలో కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే పై గది వణుకుతున్నంతసేపు అందులో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే లయ సర్దుకున్నా కొన్నాళ్లు మాత్రలు వాడమంటారు. మళ్లీ లయ తప్పినప్పుడు అది రోగికి తెలియాలని లేదు, చాలామందికి దడ కూడా అనిపించదు.

లయను పట్టుకోవడానికి సాధారణంగా వాడే మార్గాలు మూడు. మొదటిది ఐసీయూలో మంచం పక్కనుండే మానిటర్, అది రాత్రీపగలూ కాపలా కాస్తుంది. రెండోది మామూలు ఈసీజీ. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో కదులుతుంది, మొత్తం రికార్డు 10 సెకన్లది. నాడి 70 ఉన్నవారిలో అందులో పడేవి పన్నెండు బీట్లు. రోజు మొత్తంలో గుండె కొట్టుకునేది దాదాపు లక్ష సార్లు. ఒక రోజులో ఇలాంటి పది సెకన్ల ముక్కలు 8,640 ఉంటాయి. వాటిలో ఒక్కటి బాగుందని తక్కినవన్నీ బాగున్నాయనుకోవడమే అసలు చిక్కు. మూడోది హోల్టర్. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో తయారుచేసిన తొలి పరికరం 38 కిలోల బరువుండేది, దాన్ని వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పటిది అరచేతిలో ఇమిడిపోతుంది, 24 గంటలో 48 గంటలో లయను నమోదు చేస్తుంది.

ముప్పును అంచనా వేయడానికి ఈ రికార్డుల్లో వెతికేవి కొన్నే. ఆపరేషన్‌కు ముందు తీసిన ఈసీజీలో పీ తరంగం మామూలుకన్నా వెడల్పుగా ఉంటే పై గదుల్లో విద్యుత్తు నెమ్మదిగా పాకుతున్నట్టు, తర్వాత ఫిబ్రిలేషన్ వచ్చే అవకాశం ఎక్కువ. పై గదుల నుంచి అదనపు బీట్లు మాటిమాటికీ పడుతుంటే అదీ హెచ్చరికే. మరొకటి బీట్ల మధ్య వ్యవధిలోని తేడా. ఆరోగ్యంగా ఉన్న గుండె ఒకే వ్యవధితో కొట్టుకోదు, ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు కాస్త నెమ్మది. గుండెపోటు వచ్చినవారి మీద 1987లో వెలువడిన అధ్యయనంలో ఈ తేడా 50 మిల్లీసెకన్లకన్నా తక్కువున్న వారిలో మరణాలు 100 దాటిన వారితో పోలిస్తే ఐదు రెట్లకు పైగా ఉన్నాయి. బైపాస్ రోగికి మాత్రం ఆ అంకెను అలాగే అంటగట్టడానికి లేదు. ఆపరేషన్ తర్వాత ఈ తేడా దాదాపు అందరిలోనూ పడిపోతుంది, కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఫిబ్రిలేషన్ నడుస్తుంటే ఈ కొలతకు అర్థమే ఉండదు.

ఇవన్నీ హెచ్చరికలు, జాతకాలు కావు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వరదను ఆపదు, లోతట్టువాళ్లను కదలమంటుంది. అలాగని కొలబద్ద మీద అంకె చెరిపేసినా వరద తగ్గదు. ఈ సంగతి వైద్యులకు కూడా దెబ్బ తిన్నాకే తెలిసింది. గుండెపోటు తర్వాత కింది గదుల నుంచి అదనపు బీట్లు పడేవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే. కాబట్టి ఆ బీట్లను మందులతో అణిచేస్తే ప్రాణాలు నిలుస్తాయనుకున్నారు. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ వాడినవారిలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికన్నా ఎక్కువమంది చనిపోయారని 1989లో క్యాస్ట్ అధ్యయనం తేల్చింది. రికార్డు బాగుపడింది, రోగి దక్కలేదు. 1997లో వెలువడిన సీఏబీజీ ప్యాచ్ అధ్యయనం గుండె ఆపరేషన్‌కే సంబంధించినది. పంపింగ్ తగ్గి, ప్రత్యేక ఈసీజీలో ముప్పు సూచనలున్న 900 మంది బైపాస్ రోగులను తీసుకుని, సగం మందికి ఆపరేషన్‌తోపాటే షాకిచ్చే యంత్రాన్ని అమర్చారు. బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు. ముప్పును పసిగట్టడం ఒక పని, తప్పించడం మరో పని.

వైద్యులను ఇంతగా తికమకపెట్టిన రికార్డును ఇంటి దగ్గర ల్యాబ్‌లోని కంప్యూటర్ "నార్మల్ ఈసీజీ" అన్న రెండు మాటల్లో తేల్చేస్తుంది. రోగి దాన్ని విడుదల పత్రంలా అందుకుంటాడు. ఒక రిటైర్డ్ ఉద్యోగికి బైపాస్ అయిన మూడో రాత్రి లయ తప్పి నాడి 140 దాటింది. మందుతో తెల్లారేసరికి దారికొచ్చింది. ఇంటికి పంపేటప్పుడు బీటా బ్లాకర్, అమియోడరోన్, రక్తం పలచబడే మాత్ర రాసిచ్చారు. నెల తిరక్కుండానే ల్యాబ్ ఈసీజీ నార్మల్ అంది. కొడుకు మురిసిపోయి దాన్ని లామినేషన్‌కిచ్చాడు. థర్మల్ కాగితం కావడంతో వేడికి నల్లగా మాడిపోయి, గీత ఒక్కటీ మిగల్లేదు. ఆయన నిశ్చింతగా మూడు మాత్రలూ మానేశారు. కొన్ని వారాలకు ఒక సాయంత్రం అన్నం కలుపుతుంటే కుడిచెయ్యి కంచంలోనే ఉండిపోయింది. ఆస్పత్రికి తెచ్చింది మర్నాడు మధ్యాహ్నం. చేతి మీద పక్షవాతానికి మందని ఎవరో రాసిన పావురం రక్తం ఎండి పెచ్చులు కట్టి ఉంది. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ గంటల్లోనే పడాలి, ఆ గంటలు పావురాన్ని వెతకడంలో గడిచిపోయాయి. "రిపోర్టు బాగుందన్నారు కదండీ" అని భార్య అడిగింది. ఆమెను కోప్పడటానికి ఎవరికీ నోరు రాదు. రిపోర్టు నిజంగానే బాగుంది, ఆ పది సెకన్ల వరకు.

హోల్టర్‌దీ ఇలాంటి కథే. రోజూ చేసే పనులన్నీ చేసుకోమని చెప్పి యంత్రం తగిలిస్తారు. కరెంటు వస్తువు పాడైపోతుందేమోనని రోగి 24 గంటలూ మంచం దిగడు. లయ ముచ్చటగా ఉంటుంది, పనికిరాదు. ఒక పెద్దావిడ రికార్డులో ఉదయం మూడు గంటలు ఖాళీ కనిపించింది. శుక్రవారం కదా, తలంటు పోసుకోవడానికి తీసి భద్రంగా దేవుడి గూట్లో పెట్టానంది. ఎప్పుడు ఏమనిపించిందో రాయమని ఇచ్చిన కాగితం తెల్లగానే ఉంది. "ఏమీ లేదు నాయనా, మేడ మెట్లెక్కినప్పుడు కాస్త గుండె దడదడలాడుతుంది, అంతే" అంది. యంత్రం పెట్టింది ఆ "అంతే" కోసమే. విన్న డాక్టరుకు కోపం వచ్చినంత వేగంగానే పోతుంది. నొప్పిని చెప్పుకోకపోవడమే పెద్దరికమని నేర్చుకున్న తరం అది. రెండోసారి యంత్రం పెట్టి, ఆవిడను మెట్లెక్కించి దించే బాధ్యత మనవడికి అప్పగిస్తే పని జరిగింది.

చికిత్సలో వింతలేమీ లేవు. ఆపరేషన్ ముందూ తర్వాతా బీటా బ్లాకర్ ఆపకూడదు. పొటాషియం, మెగ్నీషియం తగ్గనివ్వకూడదు. లయ తప్పితే అమియోడరోన్, అవసరమైతే షాక్. పక్షవాతం ముప్పును వయసు, బీపీ, షుగర్, పాత స్ట్రోకు లాంటివాటితో లెక్కేసి, ముప్పున్నవారికి రక్తం పలచబడే మాత్ర. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారు రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష మానకూడదు, ఆకుకూరలు రోజూ ఒకే మోతాదులో తినాలి. లోహపు కవాటం పెట్టించుకున్నవారికి ఈ మాత్ర జీవితాంతం, ఈసీజీ ఎంత బాగున్నా సరే.

ఈసీజీ ఆ పది సెకన్ల సంగతి చెబుతుంది, హోల్టర్ ఆ ఒక్క రోజు సంగతి చెబుతుంది. రెండూ కలిసి ముప్పు ఎంతో అంచనా ఇస్తాయి, మాత్ర ఆపమని చెప్పవు. ఆ మాట మందు రాసిన డాక్టరే చెప్పాలి. గుండె ఆపరేషన్ అయినవారు నాడి గతి తప్పినట్టనిపిస్తే, దడ, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దయినా పసర్ల దగ్గరికీ పావురాల దగ్గరికీ పోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.